పోటీలకు వెళ్తున్న పిల్లలు, వాళ్ళ తప్పులు, మన పాత్ర

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు ముగిశాయి. జిల్లా, జోనల్ స్థాయి ఆటల పోటీలు మొదలవుతున్నాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ జట్లకు ఎంపికైన పిల్లలు కొన్ని రోజులు ఇంటికీ బడికీ దూరంగా ఉంటారు. పదో తరగతి వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆట మీద ఆధారపడి కాలేజీ సీటు సంపాదించాలన్న ఆశతో ఉన్నారని కూడా తెలుసు. అందుకే ఈ నెల వార్తాలేఖలో పరీక్షల సంగతి పక్కన పెట్టి, ఆడే పిల్లలు తప్పు చేసినప్పుడు దాని బరువు ఎవరు మోయాలన్న విషయం మీతో మాట్లాడదలచుకున్నాను.

2017 నవంబరులో అమెరికాలోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టు చైనా వెళ్ళింది. షాంఘైలో జార్జియా టెక్ జట్టుతో మ్యాచ్. అంతకుముందు హాంగ్‌జౌ నగరంలో బస చేసినప్పుడు, కాలేజీలో చేరి కొద్ది నెలలే అయిన ముగ్గురు ఆటగాళ్ళు, లియాంజెలో బాల్, కోడీ రైలీ, జేలెన్ హిల్, దుకాణాల్లో చేతివాటం చూపించి పోలీసులకు దొరికిపోయారు. మూడు దుకాణాల్లో వస్తువులు తీశారని తరువాత విశ్వవిద్యాలయమే ప్రకటించింది. ఒక్కరికీ ఇరవై ఏళ్ళు నిండలేదు. లియాంజెలో అన్న అప్పటికే అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడుతున్నాడు కాబట్టి, ఆ ఇంట్లో డబ్బుకు లోటుండి జరిగిన పని అనుకోవడానికి కూడా లేదు. మిగతా జట్టు షాంఘైలో ఆడి ఇంటికి వెళ్ళిపోగా ఈ ముగ్గురూ హాంగ్‌జౌలోని హోటల్‌లోనే ఉండిపోవలసి వచ్చింది. అదే సమయంలో చైనా పర్యటనలో ఉన్న అధ్యక్షుడు ట్రంప్ ఈ విషయాన్ని షీ జిన్‌పింగ్ దగ్గర ప్రస్తావించేదాకా వెళ్ళింది వ్యవహారం.

నవంబరు 14న ఆ ముగ్గురూ అమెరికా చేరుకున్నారు. మర్నాడు విలేకరుల ముందు ఒకరి తరువాత ఒకరు నిలబడి, తాము చేసింది తప్పని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. కాగితం చూసి చదివిన మాటలే అనుకోండి, అయినా అన్ని కెమెరాల ముందు దొంగతనం చేశానని తన నోటితో అనడం ఆ వయసు కుర్రాడికి తేలిక కాదు. విశ్వవిద్యాలయం ముగ్గురినీ నిరవధికంగా సస్పెండ్ చేసింది.

తరువాత జరిగినదే తల్లిదండ్రులుగా మనకు ఎక్కువ పనికొస్తుంది. లియాంజెలో తండ్రి లవార్ బాల్ ఈ వ్యవహారాన్ని పెద్దది కానట్టు కొట్టిపారేస్తూ మాట్లాడారు, ట్రంప్‌తో బహిరంగంగా మాటల యుద్ధానికి దిగారు, చివరికి డిసెంబరు మొదటి వారంలో, సస్పెన్షన్ ఎంతకాలమో తేలకముందే, కొడుకుని ఆ కాలేజీ నుంచే తీసేసి లిథువేనియాలో వృత్తి ఆటగాడిగా చేర్పించారు. మిగిలిన ఇద్దరికీ ఆ సీజన్ మొత్తం ఆడకూడదని శిక్ష పడింది. వాళ్ళు కాలేజీలోనే ఉండి, శిక్షాకాలం పూర్తి చేసుకుని, మరుసటి సీజన్‌లో అదే జెర్సీ వేసుకున్నారు. హిల్ 2022లో చాలా చిన్న వయసులోనే కన్నుమూయడం విషాదం. రైలీ 2021లో ఆ జట్టు జాతీయ పోటీల సెమీఫైనల్ దాకా వెళ్ళినప్పుడు అందులో ముఖ్యుడు.

లవార్ బాల్‌కు కొడుకు మీదున్న ప్రేమను నేను శంకించను. ఆటలో ఎవరు ఎంత సంపాదించారన్నది కూడా ఇక్కడ లెక్కలోకి రాదు. కానీ క్షమాపణ చెప్పిన కొడుకు ఆ మాటకు కట్టుబడి నిలబడే అవకాశం తండ్రి తొందరపాటు వల్ల పోయింది. తప్పు ఒప్పుకున్నవాడు ఆ తరువాత కొన్ని నెలలు అదే మనుషుల మధ్య, అదే హాస్టల్ మెట్లెక్కుతూ, మ్యాచ్ రోజున గ్యాలరీలో కూర్చుంటూ గడపవలసి వస్తేనే, తాను చేసిన పని ఎవరెవరికి తగిలిందో వాడికి తెలుస్తుంది.

మన దగ్గర జరిగిన ఒక సంగతి కొందరికి తెలిసే ఉంటుంది. పోయిన ఏడాది కబడ్డీ పోటీలకు వెళ్ళిన మన పిల్లలకు అక్కడి పాఠశాల తరగతి గదిలోనే పడక ఏర్పాటు చేశారు. రాత్రి పడుకోకుండా గదిలో బంతాట ఆడి ట్యూబ్‌లైటు పగలగొట్టారు. తెల్లవారి అడిగితే ముందే పగిలి ఉందన్నారు. గాజుపెంకులు చాప కింద చిమ్మి ఉండటంతో ఆ మాట నిలవలేదు. ఒక విద్యార్థి నాన్నగారు ఫోన్ చేసి, "మేడం, ఎంతయితే అంత కట్టేస్తాను, మావాణ్ణి మాత్రం ఈ పూట ఆడనివ్వండి" అన్నారు. డబ్బు వద్దని చెప్పాం. బంతి విసిరిన ఇద్దరినీ ఆ రోజు మ్యాచ్‌లో దించలేదు. మ్యాచ్ ఓడిపోయాం. ఆ ఇద్దరే తమ దగ్గరున్న ఖర్చు డబ్బుతో ట్యూబ్‌లైటు కొనుక్కొచ్చి, వాచ్‌మన్ స్టూల్ ఎక్కి బిగిస్తుంటే స్టూల్ కాళ్ళు పట్టుకున్నారు. జట్టు మొత్తానికి ఎందుకు నష్టం అని కొందరు తల్లిదండ్రులు నొచ్చుకున్నారు, అది సహజం. అయినా ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

కాలేజీ స్థాయికి వెళ్ళేసరికి ఇంకో ప్రమాదం ఎదురవుతుంది, డోపింగ్, అంటే ఆటలో సత్తా పెంచుకోవడానికి నిషిద్ధ మందులు వాడటం. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) అధికారులు పరీక్షలకు వచ్చారని తెలియగానే చాలామంది క్రీడాకారులు తప్పుకోగా, పురుషుల 100 మీటర్ల ఫైనల్‌లో ఒక్కడే పరిగెత్తాడు. రాని ప్రతివాడూ దోషి అనడం అన్యాయం. అయితే ఈ విషయంలో నిబంధన ఎంత కఠినమో పిల్లలకు ముందే తెలియాలి. శాంపిల్‌లో నిషిద్ధ పదార్థం దొరికితే బాధ్యత ఆ క్రీడాకారుడిదే. కోచ్ ఇచ్చారనో, పక్కింటి అన్న జిమ్‌లో తాగే పొడి తానూ తాగాననో చెబితే నేరం మాసిపోదు. మైనర్లకు శిక్ష తగ్గించే వీలుంది గానీ, ఉల్లంఘన ఉల్లంఘనగానే మిగులుతుంది. కాబట్టి మా పీఈటీ మాష్టారితో సహా ఎవరు ఏ మాత్ర, ఏ పొడి ఇచ్చినా అదేమిటని అడిగే అలవాటు ఇప్పటినుంచే చేయించండి. అలా అడిగితే పెద్దలను ఎదిరించినట్టు కాదని మేమూ పిల్లలకు చెబుతున్నాం. ఆరా తీయకుండా ఇచ్చిన పెద్దవాళ్ళు కూడా జవాబుదారులే, పిల్లల మీదకు నెట్టేసి తప్పించుకోవడానికి వీల్లేదు.

ఇక ఈ ఏడాది పద్ధతి. బయటి ఊళ్ళో ఏదైనా జరిగితే ముందు విద్యార్థి నోటితో విషయం వింటాం, తరువాతే మీకు ఫోన్ చేస్తాం. ప్రాణం మీదికి వచ్చే విషయమైనా, పోలీసుల దాకా వెళ్ళేదైనా మాత్రం ఆ క్షణమే చెబుతాం. జరిగింది ఏమిటో విద్యార్థి తన చేతిరాతతో రాసివ్వాలి. ఆ కాగితం మీరు రాసిపెట్టకండి, వాట్సాప్‌లో పంపకండి. పేర్లు నోటీసు బోర్డు మీదకు రావు, ప్రార్థన సమావేశంలో చదవం. పదిమందిలో పరువు తీయడం శిక్షలో భాగం కాదని మా ఉపాధ్యాయులకు కూడా స్పష్టంగా చెప్పాను. ఆట నుంచి తప్పించినా, ప్రాక్టీసుకు రావడం మాత్రం మాననివ్వం.

ఈ లేఖతో పాటు అంగీకార పత్రం పంపుతున్నాం. అందులో ఈసారి మీ సంతకం కింద విద్యార్థి సంతకానికి కూడా చోటు ఉంచాం. సంతకం పెట్టించే ముందు పై విషయాలు వాళ్ళతో చదివించి, శనివారంలోగా పీఈటీ మాష్టారికి అందజేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని