పాత బ్లాగులను ఎక్కించేటప్పుడే వడపోయాలి

సంపాదకులకు నమస్కారం.

నల్గొండ, పాలమూరు ఊళ్ల చరిత్రలు, బతుకమ్మ పాటలు, ఫ్లోరైడ్ పల్లెల నీటి పరీక్షల పట్టికలు పాత బ్లాగుల్లో ఎన్నో ఉన్నాయి. వాటిని వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సైట్లకు మార్చేవాళ్లు, పాత బ్లాగు నుంచి దించుకున్న ఎక్స్‌పోర్ట్ ఫైలును ఉన్నదున్నట్టు ఎక్కిస్తే పాత స్క్రిప్టులు (పేజీలో నడిచే కోడ్ ముక్కలు), దాచిపెట్టిన జూదం లింకులు కూడా సైటు సమాచారమంతా ఉండే డేటాబేసులో చేరతాయి.

అడ్మిన్‌గా, అంటే సైటు నిర్వాహకుడి ఖాతాతో ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్సే శుభ్రం చేస్తుందని చాలామంది నమ్మకం. జరిగేది దానికి తలకిందులు. ఒక్క సైటే ఉండే మామూలు వర్డ్‌ప్రెస్‌లో అడ్మిన్‌కు ఏ హెచ్‌టీఎంఎల్ (పేజీలను రాసే ట్యాగుల భాష) అయినా రాసే అధికారం ఉంటుంది. అందుకే కింది స్థాయి రచయితల రాతకు పడే వడపోత అడ్మిన్ ఎక్కించినదానికి పడదు.

చేయాల్సింది ఇది. డబ్ల్యూపీ-కంటెంట్ కింద ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డరులో (ఇందులోని కోడ్ దానంతటదే నడుస్తుంది) నేరుగా ఒక చిన్న పీహెచ్‌పీ ఫైలు, అంటే వర్డ్‌ప్రెస్ రాసిన భాషలోని కోడ్ ఫైలు పెట్టాలి. లోపల ఇంకో ఫోల్డరులో పెడితే అది దానంతటది లోడ్ కాదు. సైటు రూపును తీర్చే థీమ్‌కు చెందిన ఫంక్షన్స్ ఫైలులో రాస్తే థీమ్ మార్చిన రోజే వడపోత పోతుంది. ఈ ఫైలులో, పోస్టులను ఎక్కించే వర్డ్‌ప్రెస్ ఇంపోర్టర్ ప్లగిన్ ఇచ్చే 'డబ్ల్యూపీ ఇంపోర్ట్ పోస్ట్ డేటా ప్రాసెస్డ్' హుక్‌కు (మన కోడ్ తగిలించేందుకు వదిలిన కొక్కేనికి) యాడ్ ఫిల్టర్ అనే ఆదేశంతో మన ఫంక్షన్ తగిలించాలి. పోస్టు డేటాబేసుకు వెళ్లే ముందు ఆ ఫంక్షన్ చేతికి వస్తుంది. చివర డేటాను రిటర్న్ చేయడం మరిస్తే పోస్టులో ఉన్నదంతా పోతుంది.

లోపలి పనుల వరుస ముఖ్యం. ముందు స్క్రిప్ట్, స్టైల్ ట్యాగులను వాటి మధ్యనున్న రాతతో సహా తీసేయాలి. అనుమతి లేని ట్యాగులను తీసేసే వర్డ్‌ప్రెస్ ఫంక్షన్ 'డబ్ల్యూపీ కేసెస్ పోస్ట్' ఒక్కటే వాడితే ట్యాగు పోతుంది కానీ లోపలి కోడ్ వ్యాసంలో అక్షరాలుగా మిగులుతుంది. తర్వాత యూట్యూబ్ ఐఫ్రేములను (పేజీలో వీడియోను పొదిగే ట్యాగులను) విడి వరుసలో ఉత్త లింకులుగా మార్చాలి, లేదంటే కేసెస్ వాటిని ఊడ్చేస్తుంది, వీడియోలు మాయమవుతాయి. కేసెస్‌ను ఆ తర్వాతే నడపాలి. పట్టికలకు భయం లేదు, టేబుల్ ట్యాగులను అది ఉంచుతుంది. మామూలు లింకులనూ ఉంచుతుంది గనుక జూదం సైట్ల డొమైన్లను విడిగా వెతికి తీయాలి.

తెలుగుకు ప్రత్యేకంగా రెండు జాగ్రత్తలున్నాయి. కనిపించని అక్షరాలన్నీ చెత్తేనని తుడిచేసే కోడ్ నెట్‌లో దొరుకుతుంది, దాన్ని అలాగే అతికించవద్దు. 'మహబూబ్‌నగర్'లో బకారం పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసి ఒత్తు కాకుండా ఆపే గుర్తు) ఉంటుంది. అది పోతే 'న' ఒత్తుగా కిందికి దిగి జిల్లా పేరే చెడుతుంది. రెండోది, కంప్యూటరు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు. రాతలో వెతికి మార్చే సూత్రమైన రెజెక్స్‌లో యూనికోడ్ గుర్తు 'యూ' పెట్టకపోతే అక్షరం మధ్యలో తెగిపోవచ్చు.

కామెంట్లకు వేరే హుక్ ఉంది, అక్కడా వడపోయాలి. పోస్టుతోపాటు దాచే అదనపు వివరాలను, అంటే పోస్ట్ మెటాను మాత్రం ఇలా తాకవద్దు. అందులో సీరియలైజ్ చేసిన (ఒకే వరుసగా కూర్చిన) డేటాలో ప్రతి మాట పొడవూ బైట్లలో రాసి ఉంటుంది, ఒక్క ట్యాగు తీసినా లెక్క తప్పి మొత్తం చదవరాకుండా పోతుంది.

పేజీ చూపించేటప్పుడు శుభ్రం చేస్తే చాలదా అని అడుగుతుంటారు. ఫ్లోరైడ్ నీళ్లను శుద్ధి చేసేందుకు పటిక, సున్నం ట్యాంకులోనే కలిపేవాళ్లం కదా, ఇదీ అంతే. డేటాబేసులో చెత్త ఉండిపోతే రేపు ఇంకో సైటుకు మార్చినప్పుడు అదీ వెంట వెళ్తుంది.

డేటాబేసు బ్యాకప్ తీసి, నకలు సైట్‌లో పది పోస్టులతో పరీక్షించండి. తేడా వస్తే కోడ్ సరిచేసి మళ్లీ ఎక్కిస్తే సరిపోదు. అదే శీర్షిక, అదే తేదీ ఉన్న పోస్టు కనిపిస్తే ఇంపోర్టర్ దాన్ని వదిలేస్తుంది, ట్రాష్‌లో ఉన్నా సరే. మొదటిసారి ఎక్కిన పోస్టులను తొలగించి, ట్రాష్ కూడా ఖాళీ చేశాకే మళ్లీ నడపాలి.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్, నల్గొండ