బూట్ కాలేదని డిస్కు తుడిచేయకండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో పాత డెస్క్‌టాప్ కొనుక్కుని, దాంట్లో ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, సోర్స్ కోడ్ నుంచి సొంతంగా కంపైల్ చేసుకుంటూ సిస్టమ్స్ పని నేర్చుకునే తెలుగు పిల్లలు ఈ ఊళ్లో ఉన్నారు. మీ పత్రిక చదువుల పేజీ చూసేవాళ్లలో వాళ్లూ ఉంటారన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయినా, రీబూట్ తర్వాత మిషన్ లేవకపోయినా చాలామంది వెంటనే పెన్‌డ్రైవ్ పెట్టి డిస్కంతా తుడిచి మొదటి నుంచి ఎక్కించేస్తున్నారు. నిజానికి ఆ అవసరం చాలా అరుదు. తుడిచేస్తే ఫైళ్లు పోవడమే కాదు, ఎందుకు ఆగిందో చెప్పే ఆధారమూ పోతుంది. కారణం అలాగే ఉంటే వచ్చేసారి కూడా అక్కడే ఆగుతుంది.

ముందుగా పని వరుస మనసులో ఉండాలి. కెర్నెల్ అంటే సిస్టమ్ గుండెకాయ, వరల్డ్ అంటే దానితో వచ్చే మిగతా ప్రోగ్రాములు, లైబ్రరీలు; బిల్డ్ అంటే కంపైల్ చేయడం, ఇన్‌స్టాల్ అంటే ఎక్కించడం. మేక్ బిల్డ్‌వరల్డ్, మేక్ బిల్డ్‌కెర్నెల్, మేక్ ఇన్‌స్టాల్‌కెర్నెల్, ఆ తర్వాత రీబూట్. లేచాక ఎట్‌సీఅప్‌డేట్ -పీ (సెట్టింగుల ఫైళ్లను కొత్త వెర్షన్‌కి సరిచేసే కమాండ్), మేక్ ఇన్‌స్టాల్‌వరల్డ్, ఎట్‌సీఅప్‌డేట్ -బీ, మళ్లీ రీబూట్. ఈ వరుసకు గట్టి కారణం ఉంది. కొత్త కెర్నెల్ మీద పాత ప్రోగ్రాములు నడుస్తాయి, ఎందుకంటే పాత సిస్టమ్ కాల్స్‌ని, అంటే ప్రోగ్రాములు కెర్నెల్‌ని పని అడిగే పిలుపులను, కొత్త కెర్నెల్ కూడా అర్థం చేసుకుంటుంది. కొత్త ప్రోగ్రాములు అడిగే కొత్త కాల్స్ మాత్రం పాత కెర్నెల్‌కి తెలియవు. వరుస తప్పించి వరల్డ్‌ని ముందు ఎక్కించినవాళ్లకు "బ్యాడ్ సిస్టమ్ కాల్" అన్న మాటతో ఒక్కో కమాండూ కూలిపోయేది అందుకే.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. మొదటి రెండు మెట్లూ /యూఎస్ఆర్/ఓబీజే డైరెక్టరీలో మాత్రమే రాస్తాయి, నడుస్తున్న సిస్టమ్ జోలికి పోవు. కాబట్టి కంపైల్ దశలో ఎన్నిసార్లు ఆగినా మిషన్‌కి ఏ ప్రమాదమూ లేదు. భయపడి రీబూట్ చేయాల్సిన పని కూడా లేదు. ఎక్కడున్నామో తెలియకపోతే ఫ్రీబీఎస్‌డీ-వెర్షన్ -కేఆర్‌యూ అని కొట్టండి. మూడు పంక్తులు వస్తాయి: డిస్కు మీద ఉన్న కెర్నెల్, ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్, ఆ తర్వాత వరల్డ్. మొదటి రెండూ వేరుగా ఉంటే రీబూట్ బాకీ ఉంది, మూడోది మాత్రమే పాతదైతే ఇన్‌స్టాల్‌వరల్డ్ బాకీ ఉంది.

కంపైల్ ఆగినప్పుడు స్క్రీన్ మీద చివరి పంక్తి చూసి నిర్ణయానికి రావడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మేక్ కమాండ్‌కి -జే4 లాంటివి పెడితే నాలుగు పనులు ఒకేసారి నడుస్తాయి. ఒకటి చచ్చినా మిగతా మూడూ తమ పని పూర్తిచేసి ఆగుతాయి కాబట్టి, అడుగున కనిపించే "ఎర్రర్ కోడ్ 1" ఏమీ చెప్పదు. అసలు తప్పు వందల పంక్తులు పైన ఉంటుంది. అవుట్‌పుట్ మొత్తాన్ని టీ కమాండ్‌తో ఒక ఫైల్లోకి పంపి, అందులో మొట్టమొదట "ఎర్రర్:" ఎక్కడ వచ్చిందో వెతకండి. అయోమయంగా ఉంటే -జే తీసేసి మళ్లీ నడపండి. ఈసారి తప్పు దొరికిన చోటే ఆగుతుంది.

ఆ తర్వాత గమనించాల్సింది ఒక్కటే: ప్రతిసారీ అదే ఫైల్ దగ్గర ఆగుతోందా, లేక రోజుకో చోట ఆగుతోందా?

అదే చోటైతే తప్పు సోర్స్‌లోనో మన సెట్టింగుల్లోనో ఉంది. /ఈటీసీ/మేక్.కాన్ఫ్, /ఈటీసీ/ఎస్ఆర్‌సీ.కాన్ఫ్ ఫైళ్లను పక్కకు జరిపి చూడండి. ఎక్కడో చదివి పెట్టుకున్న సీఫ్లాగ్స్, సీపీయూటైప్ పంక్తులే తరచూ దోషులు. సోర్స్ డైరెక్టరీలో గిట్ స్టేటస్ కొడితే సగం మారిన ఫైళ్లు, మన చేతి మార్పులు బయటపడతాయి. పాత బిల్డ్ మిగుళ్ల మీద అనుమానం ఉంటే /యూఎస్ఆర్/ఓబీజేలో ఉన్నదంతా తీసేయండి. "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అని మొండికేస్తే ముందు సీహెచ్‌ఫ్లాగ్స్ -ఆర్ నోఎస్‌సీహెచ్‌జీ నడిపి, తర్వాత తీయండి. వీటన్నిటికన్నా ముందు, సోర్స్‌లోనే ఉన్న అప్‌డేటింగ్ అనే ఫైల్ చదవాలి. పోయిన బిల్డ్ తేదీ తర్వాత వచ్చిన ప్రతి నోటూ చదవడం మర్యాద కోసం కాదు, చాలా సమస్యలకు జవాబు అక్కడే రాసి ఉంటుంది.

రోజుకో చోట, అదీ "సిగ్నల్ 11"తో (మెమరీని తప్పుగా తాకి ప్రోగ్రాము కూలిపోవడం) ఆగుతుంటే సోర్స్‌ని తిట్టుకోవద్దు. ర్యామ్, వేడి, పవర్ సప్లై చూడండి. గంటల తరబడి అన్ని కోర్‌లనూ నడిపే కంపైల్‌ని మించిన హార్డ్‌వేర్ పరీక్ష ఇంట్లో ఇంకొకటి ఉండదు. మెమ్‌టెస్ట్86+ ఒక రాత్రంతా నడపండి, ర్యామ్ స్టిక్కులు ఒక్కొక్కటిగా తీసి చూడండి, ఫ్యాన్‌లో దుమ్ము దులపండి. "కిల్డ్" అని వస్తే కథ వేరు: మెమరీ చాలలేదు. ఈ సోర్స్‌లో క్లాంగ్, ఎల్‌ఎల్‌వీఎం అనే భారీ కంపైలర్ ప్రోగ్రాములు కూడా ఉంటాయి. వాటిని లింక్ చేసేటప్పుడు ఒక్కో పనికి చాలా మెమరీ కావాలి. 4 జీబీ మిషన్‌లో -జే8 పెట్టడం అత్యాశ. -జే2కి దించి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) ఉందో లేదో చూసుకుంటే చాలు.

కెర్నెల్ ఎక్కాక మిషన్ లేవకపోతే పాత కెర్నెల్ /బూట్/కెర్నెల్.ఓల్డ్‌లో భద్రంగానే ఉంటుంది. లోడర్ (కెర్నెల్‌ని మెమరీలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాము) మెనూలోంచి ప్రాంప్ట్‌కి వెళ్లి అన్‌లోడ్ అని, తర్వాత బూట్ కెర్నెల్.ఓల్డ్ అని కొట్టండి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, దీని గురించి గట్టిగా చెప్పాలి. కొత్త కెర్నెల్‌తో లేచాక ఇన్‌స్టాల్‌కెర్నెల్ మళ్లీ నడిపితే కెర్నెల్.ఓల్డ్‌లోకి వెళ్లేది బాగా నడిచిన పాతది కాదు, అప్పుడు నడుస్తున్న ఆ కొత్తది. అందుకే పని మొదలుపెట్టేముందే సీపీ -ఆర్‌పీతో /బూట్/కెర్నెల్‌ని /బూట్/కెర్నెల్.గుడ్ పేరుతో కాపీ చేసి ఉంచుకోండి. కొత్త కెర్నెల్ బూట్ మధ్యలో ప్యానిక్ అవుతుంటే, అంటే కోలుకోలేక ఆగిపోతుంటే, కెర్నెల్ కంటే ముందు బయటి మాడ్యూళ్లను (కెర్నెల్‌కి విడిగా తగిలించే భాగాలను) అనుమానించాలి. గ్రాఫిక్స్‌కి వేసుకున్న డీఆర్‌ఎం, వర్చువల్‌బాక్స్ డ్రైవర్లు పాత కెర్నెల్‌కి కట్టినవి. సింగిల్ యూజర్ మోడ్‌లో (మరమ్మతు కోసం కనీస సేవలతో లేచే పద్ధతి) లేచి, మౌంట్ -యూ / అని రూట్‌ని రాయగలిగేలా మార్చి, ఆర్‌సీ.కాన్ఫ్‌లో కేఎల్‌డీ_లిస్ట్ (ఎక్కించాల్సిన మాడ్యూళ్ల జాబితా) పంక్తిని కామెంట్ చేయండి. సిస్టమ్ మామూలుగా లేచాక ఆ డ్రైవర్లను కొత్తగా కట్టుకోవచ్చు.

ఇన్‌స్టాల్‌వరల్డ్ ఆగితే మాత్రం కాస్త నిదానం కావాలి, ఎందుకంటే లైబ్రరీలు సగం కొత్తవి, సగం పాతవి అయి ఉండొచ్చు. "పర్మిషన్ డినైడ్" వస్తే /టీఎంపీ నోఎగ్జెక్‌తో (అక్కడి నుంచి ప్రోగ్రాములు నడపనివ్వని సెట్టింగు) మౌంట్ అయిందేమో చూడండి. ఇన్‌స్టాల్‌వరల్డ్ తనకు కావాల్సిన పనిముట్లను అక్కడికి కాపీ చేసుకుని అక్కడి నుంచే నడుపుతుంది. "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అయితే సెక్యూర్‌లెవెల్ (కొన్ని ఫైళ్లను మార్చనివ్వని భద్రతా స్థాయి) పైకి పెట్టి ఉండొచ్చు. ఆర్‌సీ.కాన్ఫ్‌లో దాన్ని ఆపి రీబూట్ చేయక తప్పదు. కరెంటు పోయి మధ్యలో ఆగి, చివరికి షెల్ కూడా రాకపోతే, సింగిల్ యూజర్ మోడ్ షెల్ పేరు అడిగినప్పుడు /రెస్క్యూ/ఎస్‌హెచ్ ఇవ్వండి. /రెస్క్యూలోని ప్రోగ్రాములు స్టాటిక్‌గా లింక్ అయినవి, ఏ లైబ్రరీ పాడైనా నడుస్తాయి. డిస్కు మీద ఫైల్‌సిస్టమ్ యూఎఫ్‌ఎస్ అయితే ముందు ఎఫ్‌ఎస్‌సీకే (డిస్కు తనిఖీ), తర్వాత మౌంట్, తర్వాత మళ్లీ ఇన్‌స్టాల్‌వరల్డ్. రెండోసారి నడిపితే నష్టమేమీ లేదు. అయితే అది జరగాలంటే /యూఎస్ఆర్/ఓబీజే చెక్కుచెదరకుండా ఉండాలి. చోటు కోసమని దాన్ని తొందరపడి ఖాళీ చేయొద్దు.

మన దేశంలో ప్రత్యేకంగా వచ్చే చిక్కు గడియారం. విండోస్‌తో కలిపి డ్యూయల్ బూట్ పెట్టుకున్న మిషన్లలో బోర్డు గడియారం భారత కాలమానంలో ఉంటుంది. సింగిల్ యూజర్ మోడ్‌లో ఫ్రీబీఎస్‌డీ దాన్నే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకోవడంతో సిస్టమ్ సమయం 5:30 గంటలు ముందుకు పోతుంది. మేక్ పనంతా ఫైళ్ల సమయాల మీదే నడుస్తుంది. రాబోయే గంటల ముద్ర పడిన ఫైళ్లు తర్వాతి బిల్డ్‌ని తప్పుదారి పట్టిస్తాయి. సింగిల్ యూజర్‌లోకి రాగానే అడ్జ్‌కెర్న్‌టీజెడ్ -ఐ కొట్టి, డేట్ చూసుకుని, అప్పుడు ముందుకెళ్లండి.

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఉన్నవాళ్లకు ఈ బాధ సగం లేదు. ఎక్కించేముందు బీఈసీటీఎల్ క్రియేట్‌తో ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ (ఇప్పటి సిస్టమ్‌కి బూట్ చేయగల నకలు) చేసి పెట్టుకుంటే, లోడర్ మెనూలో దాన్ని ఎంచుకుని పాత సిస్టమ్‌లోకి తిరిగి రావచ్చు. కానీ కొత్త వెర్షన్ ఎక్కగానే జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ (డిస్కుల పూల్ ఫార్మాట్‌ని కొత్తదానికి మార్చడం) చేయకండి. దానికి వెనక్కి దారి లేదు. పాత లోడర్ ఆ పూల్‌ని చదవలేకపోతే మిషన్ బూటే కాదు. కొన్ని వారాలు నడిపి, ముందు ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని లోడర్‌ని కొత్తదానితో మార్చి, ఆ తర్వాతే పూల్ సంగతి చూడండి.

అంతా లేచాక ఎట్‌సీఅప్‌డేట్ రిజాల్వ్‌తో మిగిలిన కాన్‌ఫ్లిక్ట్‌లు తీర్చండి, మేక్ డిలీట్-ఓల్డ్ నడపండి. మేక్ డిలీట్-ఓల్డ్-లిబ్స్ మాత్రం అన్ని ప్యాకేజీలనూ కొత్త వెర్షన్‌కి మార్చుకున్నాకే. అప్పటిదాకా ఆ పాత లైబ్రరీల మీద ఆధారపడిన ప్రోగ్రాములు మిషన్‌లో ఉంటాయి.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్,
మారతహళ్లి, బెంగళూరు