విశాఖ మధ్యాహ్నపు నడకలు: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

భోజనం చేసి బయల్దేరి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేలోపు సముద్రపు రాళ్లు, ఎర్ర ఇసుక దిబ్బలు, తూర్పు కనుమల అడవి, వీటిలో ఏదో ఒకటి తీరిగ్గా చూసి రాగలిగే వీలు విశాఖలో ఉంది. మన నడకలన్నీ ఈ వీలు మీదే నడుస్తున్నాయి. ఈ ఏడాది కార్యవర్గం ఒక మార్పు చేసింది. ముందు వేళ చూసి, ఆ వేళకు సరిపోయే చోటు ఎంచుకుంది. తిథి, నెల, సూర్యాస్తమయం ఈ మూడూ కలిసొచ్చిన రోజున మామూలు చోటు కూడా నిండుగా కనబడుతుంది. కలిసిరాని రోజున ఎంత పేరున్న చోటికి వెళ్లినా ఎండే మిగులుతుంది. సభ్యులు తమంతట తాము ఇంటివాళ్లను తీసుకుని వెళ్లడానికి పనికొస్తాయని ఆ వివరాలను ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా వెలుగు లెక్క. విశాఖలో డిసెంబరు మొదటి వారంలో సూర్యుడు సాయంత్రం 5.20కే అస్తమిస్తాడు. జూన్ చివర, జూలై మొదట్లో 6.35 దాకా ఉంటాడు. కొండలు పడమటి వైపు ఉండడంతో తూర్పు వాలుకు నీడ చాలా ముందే దిగుతుంది. ఎండాకాలంలో అది మేలు చేస్తుంది, చలికాలంలో మాత్రం తొందరపెడుతుంది. అందుకే చలికాలపు నడకలు రెండున్నరకు, వేసవి నడకలు నాలుగు దాటాక మొదలుపెట్టాం.

రాతి గుంటలు

ఎక్కువమంది సభ్యులు కోరిన నడక ఇది. ఎక్కువ జాగ్రత్త కావలసిందీ దీనికే. తెన్నేటి పార్కు దిగువన, జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట దగ్గర రాళ్లు సముద్రంలోకి చొచ్చుకుని ఉంటాయి. ఆటుకు, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళకు, నీరు తీసినప్పుడు ఆ రాళ్ల సందుల్లో, గుంటల్లో కొంత నీరు నిలిచిపోతుంది. చూడవలసిందంతా అందులోనే ఉంటుంది.

మన తీరానికి బాగా కలిసొచ్చిన సంగతి ఒకటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇక్కడ పోటు, అంటే నీరు పైకెక్కడం, ఉదయం తొమ్మిది ప్రాంతంలో వస్తుంది. ఆటు మధ్యాహ్నం మూడు, మూడున్నర మధ్య అడుగుకు చేరుతుంది. అంటే నీరు బాగా తీసే రోజుల్లో అది తీసే వేళ కూడా మనకు అనువైన వేళే. ఆ తర్వాత రోజుకు ముప్పావు గంట చొప్పున ఆలస్యమవుతూ విదియ, తదియ నాటికి ఆటు నాలుగున్నర, అయిదుకు పడుతుంది. పోటుకూ ఆటుకూ మధ్య తేడా అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు అత్యధికంగా ఉంటుంది. అప్పుడది మీటరున్నరకు దగ్గరగా వస్తుంది. సప్తమి, అష్టమి రోజుల్లో అందులో సగం కూడా ఉండదు, పైగా వేళ కూడా కుదరదు. కాబట్టి డిసెంబరులో అమావాస్య, పౌర్ణమి నాడే వెళ్లాలి, తదియ దాకా ఆగితే చీకటి పడిపోతుంది. ఏప్రిల్‌లో విదియ, తదియ హాయిగా ఉంటాయి. గోడ మీది కేలెండరు చూస్తే రోజు తెలుస్తుంది. కచ్చితమైన గంట కోసం మాత్రం విశాఖ పోర్టు ఆటుపోట్ల పట్టిక చూడాలి.

నెల కూడా ముఖ్యం. బంగాళాఖాతంలో మన ఒడ్డున సగటు నీటిమట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మార్చి ప్రాంతంలో అది అన్నిటికన్నా కిందికి దిగుతుంది, అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడి నుంచి ఒక అడుగుకు పైగా పెరుగుతుంది. ఒడ్డు వెంబడి సాగే ప్రవాహం దిశ మారడం, వానాకాలంలో నదులు తెచ్చిపోసే తేలికపాటి మంచినీరు ఇందుకు కారణాలు. ఈ సంగతి తెలియకపోతే, పట్టిక ప్రకారం సరైన గంటకే వెళ్లినా కార్తీక పౌర్ణమికి ఎందుకు రాళ్లు సరిగా బయటపడలేదో అర్థం కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అవే రాళ్లు చాలా దూరం తేలతాయి. అందుకే ఈ నడకలను ఆ రెండు నెలల్లోనే ఎక్కువగా పెట్టాం.

ఆటు వేళకు గంట ముందే చేరుకుని, తీసే నీటి వెంబడే కిందికి దిగాలి. నీరు మళ్లిన అరగంటకు వెనక్కి బయల్దేరాలి. ఎంత బాగున్నా అక్కడే ఉండిపోకూడదు. పోటు ముందువైపు నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. రాళ్లకు వెనక ఉన్న పల్లపు పాయ ముందు నిండుతుంది, వెళ్లేటప్పుడు పొడిగా దాటిన చోట వచ్చేటప్పుడు మోకాలి లోతు నీళ్లుంటాయి. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగనివ్వలేదు, దిగనివ్వం కూడా.

పచ్చటి పాచి ఉన్న రాయి జారుతుంది. తెల్లటి గరుకు పెంకులు, అంటే బార్నకిళ్లు, ఉన్న రాయి జారదు గానీ చర్మాన్ని కోసేస్తుంది. చెప్పులతో రావద్దంటున్నది ఇందుకే. రబ్బరు అడుగున్న పాత బూట్లు వేసుకుంటే రెండిటికీ సరిపోతుంది.

గుంట దగ్గర నిలబడితే మొదట ఏమీ కనబడదు. మన నీడ నీటి మీద పడకుండా కూర్చుని రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉంటే గుంట తెరుచుకుంటుంది. నీటికి పైన రాయికి అంటుకున్న మెత్తటి ముద్ద సముద్రపు అనిమోన్, నీళ్లు లేక ముడుచుకుని ఉంటుంది. అదే జీవి నీటి అడుగున సన్నటి చేతులన్నీ విప్పుకుని కనిపిస్తుంది. గుంట అంచున నత్తగుల్ల ఒకటి పక్కకు జరిగిందంటే అందులో ఉన్నది నత్త కాదు, ఖాళీ గుల్లలో కాపురం పెట్టిన సన్యాసి పీత. అందుకే ఖాళీ గుల్లలు ఇంటికి తేవద్దంటున్నాం. పీత పెరిగే కొద్దీ దానికి పెద్ద గుల్ల కావాలి, ఒడ్డున దొరక్కపోతే దానికి నిలువ నీడ ఉండదు. శంకువు ఆకారంలో నునుపుగా, మచ్చలతో ఉండే నత్తను ముట్టుకోవద్దు, దాని కాటు విషం. రాళ్ల మీద గోధుమ, ఆకుపచ్చ రంగుల్లో బొత్తాలు పరిచినట్టుండే జొయాంథిడ్లు అనే చిన్న జీవులను తడిమి కళ్లు నులుముకోకూడదు, వాటిలో కొన్ని జాతులకు గట్టి విషం ఉంది. రాయిని ఎత్తి చూస్తే మళ్లీ అదే వైపుగా, మెల్లగా దించాలి. అడుగున ఉండే జీవులకు ఎండ తగిలితే చనిపోతాయి.

ఎర్రమట్టి దిబ్బలు

బీచ్ రోడ్డు మీదుగా వెళ్లే భీమిలి బస్సెక్కితే దిబ్బల దగ్గరే దిగొచ్చు. 2014లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోనూ చేరింది. ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడు దక్షిణ తీరంలో, శ్రీలంకలో తప్ప దక్షిణాసియాలో మరెక్కడా లేదు.

లోపలికి దిగగానే గోడల రంగులు గమనించండి. అడుగున పసుపు ఇసుక, దాని పైన గట్టి గడ్డలతో ఉన్న గోధుమ ఎరుపు పొర, ఆపైన ఇటుక ఎరుపు. సముద్రం ఇప్పటికన్నా వెనక్కి ఉన్న కాలంలో గాలి ఎత్తిపోసిన ఇసుక ఇది. అందులోని ఇనుప ఖనిజాలు వేల ఏళ్లుగా తుప్పుపట్టి ప్రతి గింజకూ పలచని పూత పట్టింది. కింద రాలి ఉన్న ఇసుక చిటికెడు అరచేతిలో వేసుకుని, రెండు చుక్కల నీటితో గట్టిగా రుద్దితే ఎరుపు చేతికి అంటుతుంది, లోపలి స్ఫటికపు గింజ బయటపడుతుంది. వాన నీరు పారిన చోట గెడ్డ, అంటే వాన కాలువ, అడుగున నల్లటి చారలుంటాయి. తేలిక గింజలు కొట్టుకుపోగా మిగిలిన బరువైన ఖనిజాలవి. చిన్న అయస్కాంతం కాగితంలో చుట్టి ఆ చారకు తాకిస్తే నల్ల గింజల్లో కొన్ని అంటుకుంటాయి. పిల్లలున్న నడకల్లో ఇది తప్పకుండా చేయించాం. చూశాక ఇసుకను అక్కడే వదిలేయాలి.

గింజలను పట్టి ఉంచేది ఆ పలచని పూతే. అందుకే గోడ నిటారుగా నిలబడగలుగుతుంది, తడిస్తే అందుకే కూలుతుంది. వాన పడ్డాక కనీసం రెండు రోజులు గోడల కింద నడవకూడదు. అడుగు కోసుకుపోయి పైభాగం ముందుకు వంగిన గోడ కింద ఏ రోజునా కూర్చోకూడదు. గోడ అంచుల మీదికి ఎక్కొద్దు. అడుగు పడిన చోట పూత పగిలి, వచ్చే వానకు అక్కడ కొత్త కాలువ మొదలవుతుంది. అంచులు తరిగిపోవడానికి వానతోపాటు మన కాళ్లూ కారణమవుతున్నాయి, ఇది మమ్మల్ని నిజంగా బాధపెడుతున్న సంగతి. ఇక్కడికి పది పన్నెండు మందికి మించి తీసుకెళ్లకపోవడానికి కారణం అదే.

లోపల దారి తప్పడం తేలిక, ప్రతి మలుపూ ఒకేలా ఉంటుంది. తప్పితే గోడలెక్కి చూడనక్కర్లేదు. గెడ్డ అడుగున నీరు పారిన వాలు వెంబడి దిగువకు నడిస్తే సముద్రం వైపు వస్తారు. కంచె కనబడితే దాటకండి, పక్కనే నౌకాదళం భూములున్నాయి. చలికాలంలో మూడు నుంచి నాలుగున్నర దాకా ఏటవాలు ఎండలో పొరలు విడివిడిగా తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం అంతా ఒకే రంగు.

కొండ నడకలు

కంబాలకొండ అభయారణ్యం దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. అటవీ శాఖ ఎకో పార్కు గేటు నుంచి టికెట్టు తీసుకుని లోపలికి వెళ్లాలి. గేటు వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇక్కడ చిరుతలున్నాయి. పిల్లలు ముందు పరుగెత్తకూడదు, ఎవరూ వెనక ఒంటరిగా మిగలకూడదు, పొద్దు వాలకముందే గేటు దాటాలి.

తొట్లకొండ 128 మీటర్ల ఎత్తు. నౌకాదళం సర్వేలో బయటపడిన ఈ బౌద్ధ స్థలంలో 1988 నుంచి 1992 దాకా తవ్వకాలు జరిగాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లు చూసి, కింద మంగమారిపేట రాళ్ల దగ్గరికి ఆటు వేళకు దిగితే రెండూ ఒకే పూటలో అవుతాయి. మాధవధార నుంచి సింహాచలం వెళ్లే పాత మెట్ల దారి నీడగా ఉంటుంది, వానాకాలంలో మాత్రం మెట్లకు పాచి పడుతుంది. ముడసర్లోవ జలాశయం చలికాలపు పిట్టల కోసం. దుర్భిణి ఉంటేనే వెళ్లండి.

జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కాబట్టి, సాయంత్రపు నడకల్లో ఇసుక మీద టార్చి వేయడం మానేశాం. వెలుగు చూసి పిల్ల తాబేళ్లు సముద్రానికి బదులు రోడ్డు వైపు మళ్లుతాయి. చనిపోయిన తాబేలు కనబడితే ముట్టుకోకుండా అటవీ శాఖకు చెప్పండి.

వెంట ఉండాల్సినవి

మనిషికి లీటరు నీళ్లు చాలవు, వేసవిలో లీటరున్నర తెచ్చుకోండి. మన తీరంలో ఎండకన్నా ఉక్క ఎక్కువ దెబ్బ తీస్తుంది. గాలిలో తేమ వల్ల చెమట ఆరక ఒళ్లు చల్లబడదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీటిలో కలపాలి, కొంచెం కొంచెంగా గ్లాసులో వేసుకుంటే ఉప్పు పాళ్లు తప్పుతాయి. తల తిరుగుతోందన్నవారిని నీడలో పడుకోబెట్టి మెడ, చంకలు తడపాలి, నడిపించకూడదు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాయంత్రం పిడుగుల భయం. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి, మూడు సెకన్లకు కిలోమీటరు దూరం. ముప్పై లోపు వస్తే నడక ఆపి కొండ మీద నుంచి, ఒడ్డు నుంచి లోపలికి వెళ్లాలి. ఒంటరి తాటిచెట్టు కింద నిలబడొద్దు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం వద్దు. ఆ కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి.

లెక్కలు, వచ్చే ఏడాది

ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి సర్వసభ్య సమావేశంలో విడిగా ఇస్తారు. నడకలకు రుసుము లేదు, బస్సు, టికెట్టు ఖర్చులు ఎవరివి వారివే.

వచ్చే ఏడాది ప్రతి నడకకూ ముందు నడిచేవారు ఒకరు, చివర నడిచేవారు ఒకరు తప్పనిసరి. చివర నడిచేవారి దగ్గరే మందుల సంచి ఉంటుంది. తెలుగు తిథులతో, ఆటు వేళలతో నడకల పట్టిక సంక్రాంతికి ముందే సభ్యులకు పంపుతాం. మాఘ, ఫాల్గుణ మాసాల రాతి గుంటల నడకలకు చోటు తక్కువ కాబట్టి పేర్లు ముందుగా కార్యదర్శికి ఇవ్వండి. పదేళ్లలోపు పిల్లలతో వచ్చేవారు ఆ సంగతి కూడా రాయండి, వారికి పెద్ద ఆటు రోజుల్లో తెన్నేటి పార్కు దిగువన వేరే బృందం ఉంటుంది.

కార్యవర్గం