బోరు లేని పొలమంతా పారిశ్రామిక జోనేనా, మంత్రిగారూ?

పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారం సార్. నేను అనంతపురం జిల్లా మెట్ట రైతుని. మా ఊళ్లకు తయారైన మాస్టర్ ప్లాన్ ముసాయిదా చూశాను. బోర్లున్న తోటలు, చెరువు కింది మాగాణి వ్యవసాయ జోన్‌లో ఉన్నాయి. వాన మీద బతికే ఎర్రనేలలన్నీ 'తక్కువ దిగుబడి భూములు' అని రాసి పరిశ్రమలకూ లేఅవుట్లకూ వదిలేశారు. ఇదెవరు తేల్చారు, పొలంలోకి దిగి చూశారా?

మా దగ్గర ముంగారు వాన పడి పదునైతే జూన్, జూలైలో వేరుశనగ వేస్తాం, మధ్యలో కంది సాళ్లు పెడతాం. అక్టోబర్, నవంబర్‌కి కాయ పీకేస్తాం, జనవరికల్లా కంది కూడా ఇంటికొస్తుంది. ఆ తర్వాత మళ్లీ వాన దాకా చేను ఖాళీగానే ఉంటుంది మరి. అంటే మాకు ఖాళీగా కనబడదు. గొర్రెల మందలు రాత్రిళ్లు అక్కడే పడుకుంటాయి, ఎరువు అదే. వేరుశనగ కట్టె లేకపోతే ఎండాకాలం ఎద్దులకు వేయడానికి ఏమీ ఉండదు. ఏప్రిల్‌లో తీసిన ఫొటో చూసి దాన్ని బీడు అనుకుంటే మేమేం చెప్పాలి?

ఉమ్మడి జిల్లా లెక్కలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఆడే ప్రాంతం ఇది. బెట్ట కొట్టిన ఏడు పెట్టుబడి కూడా రాదు, వానలు బాగా పడిన ఏడు అప్పు తీరుతుంది. అందుకే ఒక్క ఏడాది అడంగల్ (ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే రెవెన్యూ రికార్డు) చూసి భూమికి తరగతి కట్టకూడదు, పదేళ్లవి తీయించండి.

2013 భూసేకరణ చట్టం పదో సెక్షన్ నీటి వసతి ఉండి ఏటా ఒకటికి మించి పంటలు పండే భూమిని చివరి గత్యంతరంగా తప్ప తీసుకోవద్దంది. మంచిదే. కానీ ఆ కాపలా మెట్టకు లేదు, కాబట్టి ఏ ఫ్యాక్టరీ వచ్చినా, ఏ సోలార్ వచ్చినా చూపు మా మీదే పడుతుంది. జోన్ కూడా మార్చేస్తే ఇక అడిగే దిక్కే ఉండదు. కామారెడ్డిలో ఇలాంటి ప్లాన్ మీదే రైతులు రోడ్డెక్కాకే 2023 జనవరిలో ముసాయిదా ప్లాన్ రద్దు చేస్తూ మున్సిపాలిటీ తీర్మానం చేసింది. అంతదాకా ఎందుకు తెచ్చుకోవడం?

మాలోనూ ఎకరా ధర పెరుగుతుందని జోన్ మార్పు కోరుకునేవాళ్లు ఉన్నారు, అబద్ధమెందుకు. నిజంగా ఏమీ పండని రాతిగుట్టలు, చౌడు తునకలు కూడా ఉన్నాయి, అవి తీసుకోండి, కాదనం. ఏది ఏదో సర్వే నంబర్లతో సహా ఊళ్లో అందరికీ తెలుసు.

అభ్యంతరాల గడువు పెంచండి. మ్యాపు తెలుగులో, సర్వే నంబర్లు కనబడేలా గ్రామసభలో పెట్టించండి. వ్యవసాయ శాఖ వాళ్లను పంపి ప్రతి బ్లాకులో గుంత తీయించి, మట్టి ఎంత లోతుందో చూడమనండి. ఒకరోజు ముందు దండోరా వేయిస్తే చాలు సార్, పలుగూ పారా మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక మెట్ట రైతు