మూడో తరగతి లెక్కల పుస్తకం ఎవరూ తెరిచి చూడరా?

సంపాదకుల వారికి నమస్కారం.

పిల్లలకు ఎక్కాలు వస్తున్నా లెక్కలు రావడం లేదని పోయిన వారం మీ బెంగళూరు పేజీలో రాశారు. తప్పంతా పిల్లలదీ, ఫోన్లదీ అన్నట్టుంది ఆ వార్త. వాళ్ల చేతికి ఎలాంటి వర్క్‌బుక్కులు ఇస్తున్నారో కూడా చూసి రాయాల్సింది.

మా మనవరాలు ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి. ఒక్కో ఆటోలో ముగ్గురు పిల్లలు, 8 ఆటోల్లో ఎంతమంది అన్నది లెక్క. 3 × 8 = 24 అని రాసింది. 8 × 3 అని రాయాలట! అర మార్కు కోసి ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. అదేమని అడిగితే ఆన్సర్ కీలో అలాగే ఉందన్నారు. ఇప్పుడు ఆ పిల్ల ప్రతి లెక్కకీ ‘ఏది ముందు రాయాలి తాతా?’ అని టెన్షన్ పడుతోంది.

అదే పిల్ల మల్లేశ్వరం మార్కెట్లో మూర 40 రూపాయల చొప్పున మూడు మూరల మల్లెపూలు తీసుకుంటే, పూలావిడ నోరు తెరిచేలోపే 120 అంది. నలభైకి నలభై, ఆపైన ఇంకో నలభై అని వేళ్ల మీద చూపించింది. గుణకారమంటే అదే కదా! బళ్లో మాత్రం ‘టోటల్’ కనిపిస్తే కూడు, ‘ఈచ్’ కనిపిస్తే గుణించు అని చిట్కాలు నూరిపోస్తున్నారు. డబ్బాకి 6 చొప్పున 24 లడ్డూలు సర్దడానికి ఎన్ని డబ్బాలు కావాలన్నా అందులో ‘ఈచ్’ ఉంటుంది. పిల్లలు 144 అని రాసేస్తున్నారు. 24 లడ్డూలకి 144 డబ్బాలేమిటని అడిగే తీరిక ఎవరికీ లేదు.

ఇంకో పేజీలో పావలా చొప్పున 12 చాక్లెట్లట. పావలా చెల్లకుండా పోయింది 2011లో, ఈ పిల్లలు పుట్టకముందు. ఆ పుస్తకం స్కూలు కౌంటర్లోనే, వాళ్లు చెప్పిన ధరకే కొనాలి. అదీ చాలక అబాకస్ క్లాసు, ట్యూషను. ధర్మవరంలో మా అయ్యవారు చీరల అంగడి బేరాలన్నీ నోటిలెక్కలుగా చెప్పించేవారు, పైసా ఖర్చు లేకుండా.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా మామూలు గుణకార లెక్కలు చేయగలగాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ అనే పథకం పెట్టింది. గడువు 2026–27. ఇక్కడ తనిఖీకొచ్చే అధికారులు రిజిస్టర్లు చూస్తారు, గోడల రంగులు చూస్తారు, కాఫీ తాగి వెళ్తారు. పిల్లల నోట్సు ఒక్కటి తెరవరు.

మంచి లెక్కలకి కరువేముంది? 2025 ఫిబ్రవరిలో మన మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలైంది. ఆ టికెట్టుతో నలుగురు వెళ్తే మునుపటికన్నా ఎంత ఎక్కువ పెట్టాలని అడగండి, పిల్లలే చెప్తారు. మా బ్లాకు విద్యాధికారి (బీఈఓ) గారు ఈసారి స్కూలుకి వెళ్లినప్పుడు వర్క్‌బుక్కులో ఒక పది లెక్కలైనా స్వయంగా చదవాలి. పావలా లెక్కలున్న పుస్తకాలను ఈ ఏడాదే ఆపించాలి.

– ఒక తాత, మల్లేశ్వరం, బెంగళూరు