వయసు కాదు, కాలు కొలవండి

ఎడిటర్ గారికి,

పిల్లల సైకిళ్ల గురించి ఎక్కడ చదివినా ఒకటే పట్టిక. ఐదేళ్లకి 16 అంగుళాలు, ఏడేళ్లకి 20, తొమ్మిదికో పదికో 24. పాత సైకిలు చిన్నదైపోయి ఇంకోటి కొనే తల్లిదండ్రులకి ఇది సగమే పనికొస్తుంది, ఎందుకంటే ఆ అంగుళాలు చక్రానివి. ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చునే ఇద్దరి ఎత్తులో జానెడు తేడా ఉంటుంది. సైకిళ్లూ అంతే, రెండూ 20 అంగుళాలవే అయినా సీటు పూర్తిగా కిందకి దించితే ఒకదానికీ ఇంకోదానికీ ఐదారు సెంటీమీటర్లు తేడా రావొచ్చు.

దీనికి తోడు "ఎలాగూ ఎదుగుతుంది, ఒక సైజు పెద్దదే తీసుకుందాం" అనే మన లెక్క ఒకటి. చొక్కా అయితే చేతులు మడిచి తొడుగుతాం, సైకిల్ని ఎక్కడని మడుస్తాం? పెద్ద సైకిలెక్కిన పిల్లని తొక్కేటప్పుడు చూస్తే ఏమీ తెలీదు, బాగానే పోతుంది. ఆగేటప్పుడు చూడాలి. సీటు మీంచి ముందుకి జారి, సైకిల్ని ఓ పక్కకి వాల్చేసి, ఒంటికాలి మునివేళ్లతో నేలకోసం వెతుక్కుంటుంది. అక్కడ ఓ రాయో గుంటో ఉందా, సైకిలుతో సహా కింద పడుతుంది. మా చెల్లెలి కూతురికైతే పక్కన ఏదో ఒక గట్టు కనపడితే గానీ ఆగే ధైర్యం ఉండేది కాదు, గట్టు వచ్చేదాకా తొక్కుతూనే ఉండేది! మేం పెద్దవాళ్ల సైకిలే అడ్డరాడ్డు కింద కాలు దూర్చి తొక్కి నేర్చుకున్నాం అనేవాళ్లుంటారు. నేర్చుకున్నారు, ఎన్ని మోకాళ్లు చీరుకుపోయాయో కూడా చెబితే బాగుంటుంది.

అసలు ఎదగడానికి కావలసిన చోటు సరైన సైజు సైకిల్లోనే ఉంది. ఐదేళ్లు దాటాక పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు, అందులో కాళ్ల వాటా మూడు సెంటీమీటర్ల చిల్లర. సీటు రాడ్డుని ఓ పది సెంటీమీటర్లు పైకి లాగే వీలుంటే రెండు మూడేళ్లు దానితోనే గడిచిపోతాయి, కాబట్టి కొన్న రోజున సీటు దాదాపు అడుగున ఉన్నా బాధ లేదు. ఆ రాడ్డు మీద ఓ గీత చెక్కి ఉంటుంది, అది ఫ్రేము లోపలే ఉండాలి. గీత బయటికి వచ్చేదాకా లాగితే గానీ కాలు చాలడం లేదన్నా, మలుపు తిప్పేటప్పుడు మోకాలు హ్యాండిల్‌కి తగులుతోందన్నా అప్పుడు కొత్త సైకిలు సంగతి చూడాలి.

కొలవడం పెద్ద పనేం కాదు. చెప్పులు విప్పించి గోడకి ఆనించి నిలబెట్టి, కాళ్ల మధ్య ఓ అట్ట పుస్తకం పెట్టి పైకి ఆనేదాకా జరిపి, దాని పై అంచు నుంచి నేలదాకా టేపు పెట్టండి. ఇంకా బ్యాలెన్స్ రాని పిల్లలైతే సీటు అంత ఎత్తుకో, కాస్త కిందకో దిగాలి, అప్పుడే రెండు పాదాలూ నేలమీద నిండుగా ఆనతాయి. బాగా తొక్కేవాళ్లకి మూడు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువున్నా పర్వాలేదు, రెండు కాళ్ల మునివేళ్లూ ఆనితే చాలు. సీటు దిగి అడ్డరాడ్డుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడ్డప్పుడు మధ్యలో కాస్త ఖాళీ కూడా ఉండాలి.

సీటు చూసేవాళ్లు కూడా బ్రేకు చూడరు, నాకు అన్నిటికన్నా టెన్షన్ దాని గురించే. హ్యాండిల్ పట్టు వదలకుండా చూపుడువేలూ మధ్యవేలూ లివర్ మీదకి చక్కగా వంగాలి. గోళ్ల చివర్లు మాత్రమే అందుతుంటే గట్టిగా నొక్కే బలం రాదు, సైకిలెంత బాగున్నా దండగే. చాలా లివర్లకి మొదలు దగ్గర ఓ చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే లివర్ హ్యాండిల్ దగ్గరికి జరుగుతుంది, తర్వాత బ్రేకు వైరు ఓసారి సరిచేసుకుంటే సరి. ఇది చూడాలంటే పిల్ల పక్కన ఉండాలి, అందుకే పుట్టినరోజు సర్‌ప్రైజులకి సైకిలు పనికిరాదని నా అభిప్రాయం.

బరువు సంగతి కూడా అడగండి. 22 కిలోల పిల్లకి 12 కిలోల సైకిలంటే తన బరువులో సగానికి పైనే, 70 కిలోల మనిషి 38 కిలోల సైకిలు తొక్కినట్టు లెక్క. ముందు షాకబ్జార్బర్లు చూడ్డానికి స్టైలుగా ఉంటాయి కానీ అంత తేలికైన పిల్లల కింద అవి సరిగ్గా నొక్కుకోను కూడా నొక్కుకోవు, బరువు మాత్రం పెరుగుతుంది. గేర్లంటారా, 24 అంగుళాలకి వచ్చాక వెనకాల ఆరో ఏడో ఉంటే చాలు.

మీ పత్రిక ద్వారా సైకిలు కంపెనీలని అడిగేది ఒకటే. సీటు ఎంత కిందకి దిగుతుందో సెంటీమీటర్లలో, సైకిలు బరువెంతో కిలోల్లో ఫ్రేము మీద అంటించండి. కొన్ని కంపెనీలు ఈ వివరాలు ఇప్పటికే ఇస్తున్నాయి, మిగతావాళ్లకి ఏం కష్టం? అప్పటిదాకా కొనడానికి వెళ్లేవాళ్లు టేపు జేబులో వేసుకెళ్లి, సీటు అడుగంటా దించి చూపించమని అడగండి, మొహమాట పడొద్దు.

– ఓ పాఠకురాలు