డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి పంపేస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

తాగుడు గురించి, మత్తుపదార్థాల గురించి పత్రికల్లో చాలానే వస్తోంది. అందులో ఎక్కువభాగం మత్తు ఎంత చేటో చెప్పి, చికిత్సా కేంద్రానికి వెళ్లమని సలహా ఇచ్చి ముగిసిపోతుంది. చికిత్స అయిపోయి, సంచి భుజాన వేసుకుని మనిషి గేటు బయటికి వచ్చాక సంగతేమిటన్నది మాత్రం ఎక్కడో గాని కనపడదు. అసలు గండం ఆ గేటు బయటే ఉంది. అదీ మొదటి నాలుగు వారాల్లోనే. ఆ రోజులకు కావలసిన మందులు, తలదాచుకునే చోటు, తిండి, గుర్తింపు కాగితాలు, ఫోన్ చేస్తే పలికే ఒక మనిషి, ఇవన్నీ డిశ్చార్జి తేదీకి ముందే సిద్ధమై ఉండాలి. "ముందు మాననీ, మిగతావి తర్వాత చూద్దాం" అన్న పద్ధతే కొంప ముంచుతోంది.

చికిత్స దాకా రావడంలోనూ ఒక ప్రమాదం ఉంది, అది ముందు చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి చేత ఉన్నపళంగా మాన్పించాలని గదిలో పెట్టి గొళ్లెం వేసే ఇళ్లున్నాయి. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆఖరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. 48 గంటలు గడిచేలోపు కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మరికొందరికి మతి చెదురుతుంది: గోడ మీద లేని పురుగుల్ని దులుపుతుంటారు, ఎక్కడున్నారో తెలియదు, ఒళ్లు కాలిపోతుంటుంది. ఇది డెలీరియం ట్రెమెన్స్. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఇంతకుముందు మానబోయినప్పుడు ఒక్కసారైనా ఫిట్స్ వచ్చినవాళ్లకు ఇంట్లో మాన్పించే ప్రయత్నం అసలు చేయకూడదు. ఆసుపత్రిలో డయాజెపామ్, క్లోర్‌డయజెపాక్సైడ్ వంటి మందులు ఇచ్చి, రోజురోజుకూ మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. పక్కనున్న బంధువులు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "బి1 ఇంజెక్షన్ ఇచ్చారా?" చాలాకాలం తాగినవాళ్లలో ఆ విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తూ పోతే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. మాట తికమక, నడకలో తూలు, కనుగుడ్లు సరిగా తిరగకపోవడం దాని గుర్తులు. తాగి ఉన్నాడనుకుని వీటిని వదిలేయడం తరచూ జరిగే పొరపాటు.

హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుల లెక్క దీనికి తిరగేసి ఉంటుంది. మానేటప్పుడు ఒళ్లునొప్పులు, విరేచనాలు, ముక్కు కారడం నరకం చూపిస్తాయి గాని, నీళ్లు, లవణాలు తగ్గిపోకుండా చూసుకుంటే సాధారణంగా ప్రాణం మీదికి రావు. ప్రాణం పోయేది మానిన తర్వాత. కొన్ని వారాలు మత్తుకు దూరంగా ఉన్న శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. చికిత్సా కేంద్రం నుంచో జైలు నుంచో బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో పాత అలవాటు కొద్దీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అప్పుడు కంటిపాప సూదిమొనంత అవుతుంది, పెదవులు నీలిబారతాయి, గొంతులోంచి గురకలాంటి శబ్దం వస్తుంది. ఆ గురక విని నిద్రపోతున్నాడులే అని దుప్పటి కప్పి వెళ్లిపోతారు. పేరు పెట్టి గట్టిగా పిలిచినా, రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రాపాడించినా కదలకపోతే అది నిద్ర కాదు. వెంటనే అంబులెన్సును పిలవాలి, ఈ జాతి మత్తును విరిచే మందు నాలొక్సోన్ ఉంటే ఇవ్వాలి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఆడకపోతే నోటితో ఊపిరి అందించాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. నాలొక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే. మత్తు అంతకంటే ఎక్కువసేపు ఉండవచ్చు కాబట్టి, లేచి కూర్చున్నాడని వదిలి వెళ్లకూడదు. డిశ్చార్జి సంచిలో మందుల చీటీతో పాటు నాలొక్సోన్ ఉండాలి, దాన్ని వాడటం ఇంట్లోవాళ్లకు చేసి చూపించాలి. చూపించడానికి పది నిమిషాలు చాలు.

హెరాయిన్ వంటివి మాన్పించడానికి వాటి బదులు మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ అనే మందులు ఇస్తే "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగట్టారు" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. రోజూ కొలిచిన మోతాదులో తీసుకుంటే ఇవి మత్తు కోసం తహతహను అణచి ఉంచుతాయి, శరీరం తట్టుకునే శక్తి ఒక్కసారిగా పడిపోకుండా కాపాడతాయి. ఇక్కడ దెబ్బకొట్టేది మందు కాదు, వేళ. మోతాదు కోసం రోజూ రావాలని చెప్పి కౌంటరు పది గంటలకు తెరిస్తే, ఎనిమిదింటికి పనిలో ఉండాల్సిన మనిషి మందునో పనినో వదులుకోవాలి. రెంటిలో ఏది వదిలినా పాతదారే పడతాడు. ఉదయం ఆరున్నరకు కౌంటరు తెరవడం చికిత్సలో భాగమే.

తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఈ మాత్ర వేసుకున్నవాళ్లు మద్యం తాగితే ముఖం కందగడ్డలా ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. తాగితే ఇలా అవుతుందని తెలిసి, ఒప్పుకుని, తాగి కనీసం 12 గంటలైనా గడిచాక, గుండె, కాలేయం పరీక్షించి డాక్టరు మొదలుపెట్టే మాత్ర ఇది. దీన్ని పొడి చేసి, మనిషికి తెలియకుండా తిండిలో కలిపి పెడుతున్నారు. విసిగిపోయిన భార్యనో తల్లినో తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అలా పెట్టమని సలహా ఇచ్చేవాళ్లదే నేరం. సంగతి తెలియని మనిషి ఎప్పటిలాగే తాగుతాడు, గుండె ఆగవచ్చు. మాత్ర మానేసిన రెండు వారాల వరకూ దాని ప్రభావం ఉండవచ్చు. దగ్గు సిరప్పులు, నోరు పుక్కిలించే ద్రవాల్లో ఉండే ఆల్కహాల్ కూడా ప్రమాదమే.

ఇక బతుకుతెరువు సంగతి. శుక్రవారం సాయంత్రం డిశ్చార్జి చేసే కేంద్రాలు చాలా ఉన్నాయి, మంచాలు ఖాళీ చేయించడానికి వాళ్లకు అది అనువు. శని, ఆదివారాలు ఆఫీసులు ఉండవు, మందుల కౌంటరు ఉండదు, కౌన్సెలర్ ఉండరు. చేతిలో డబ్బులేని మనిషికి ఆ రెండు రాత్రులు గడిచేది పాత స్నేహితుల దగ్గరే. సోమవారమో మంగళవారమో ఉదయం పంపితే ఆ రోజే కాగితాల పని మొదలుపెట్టవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు. గుర్తింపు కాగితం లేనివాళ్లకు అది చికిత్స జరుగుతుండగానే తీయించాలి. అది లేకపోతే బ్యాంకు ఖాతా లేదు, సిమ్ కార్డు లేదు. ఫోన్ లేకపోతే డాక్టరు వేళ మారిందన్న కబురు అందదు. ఆ ఒక్క వేళ తప్పితే "రాలేదు" అని కేసు మూసేస్తారు.

ఇంటి విషయంలో చాలాచోట్ల నియమం ఒకటే: మానినట్టు రుజువు చూపిస్తేనే గది. వీధిలో పడుకుంటూ మానడం ఎంత కష్టమో ఈ నియమం రాసినవాళ్లు ఆలోచించలేదు. 1992లో న్యూయార్క్‌లో శామ్ త్సెంబెరిస్ అనే మనస్తత్వ నిపుణుడు దీన్ని తిరగేశారు. ముందు తాళంచెవి చేతికిచ్చి, ఆ తర్వాత చికిత్స గురించి మాట్లాడే ఈ పద్ధతికే హౌసింగ్ ఫస్ట్ అని పేరు. కెనడా 2009లో మొదలుపెట్టి ఐదు నగరాల్లో దాదాపు 2000 మందితో దీన్ని పరీక్షించింది. మామూలు సేవలు అందినవాళ్లకంటే వీళ్లు ఇంట్లో ఎంతో స్థిరంగా నిలబడ్డారు. ఇల్లిచ్చినంత మాత్రాన తాగుడు దానంతటదే పోదు, ఆ మాటా చెప్పాలి. మందులు దాచుకోవడానికి అర, నిద్రపోవడానికి తలుపు, నర్సు వచ్చి తట్టడానికి ఒక చిరునామా దొరుకుతాయి. పిల్లలున్న ఆడవాళ్లకు మరో చిక్కు ఉంది. పిల్లల్ని రానివ్వని కేంద్రంలో వాళ్లు చేరరు, చేరినా మూడో రోజుకే వెళ్లిపోతారు.

మానిన కొత్తలో ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట కలిసి వచ్చిన సాయంత్రమే మనిషి జారేది. అందులో ఆకలి ఒక్కటే వెంటనే తీర్చగలిగేది. కౌన్సెలింగ్ గదిలో ఏదైనా తినడానికి పెట్టి ఉంచడం మర్యాద కోసమని అనుకోకూడదు.

మానసిక ఆరోగ్యం దగ్గరికొస్తే మనిషిని బంతిలా ఆడుకుంటారు. వ్యసన విభాగానికి వెళ్తే "ముందు డిప్రెషన్ తగ్గించుకుని రా" అంటారు, మానసిక విభాగానికి వెళ్తే "ముందు తాగుడు మాను" అంటారు. మద్యం వల్లే వచ్చిన దిగులైతే మానిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది కనుక, కొన్నాళ్లు చూసి మందులు మొదలుపెట్టడంలో అర్థముంది. కానీ చచ్చిపోవాలనిపిస్తోందన్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా వారాలు లెక్కపెట్టకూడదు, ఆ రోజే చూడాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం అక్కర్లేదు. అడిగితే బరువు దిగుతుంది. అటువంటి మనిషికి నెల రోజుల మాత్రలు ఒక్కసారే ఇవ్వకుండా వారానికి సరిపడా ఇచ్చి, ఇంట్లో ఒకరి దగ్గర ఉంచాలి.

డిశ్చార్జి తర్వాత పలకరింపు ఎంత పనిచేస్తుందో శాన్ ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు పరీక్షించారు. తీవ్రమైన కుంగుబాటుతోనో ఆత్మహత్య ఆలోచనలతోనో ఆసుపత్రిలో ఉండి, తర్వాత చికిత్స కొనసాగించని 843 మందిలో కొందరికి చిన్న చిన్న ఉత్తరాలు పంపారు. మొదట నెలకొకటి, తర్వాత రెండు నెలలకొకటి, ఆ తర్వాత మూడు నెలలకొకటి, ఐదేళ్లలో మొత్తం 24. మీరు గుర్తున్నారు, బాగున్నారనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంతే విషయం. మందులు వేసుకుంటున్నారా అన్న ఆరా లేదు. ఉత్తరాలు అందినవాళ్లలో మొదటి రెండేళ్లు ఆత్మహత్యలు తక్కువగా ఉన్నాయి. ఇవాళ అదే పని ఒక ఫోన్ మెసేజ్‌తో అవుతుంది, కాకపోతే కింద పేరుండాలి, అది తెలిసిన మనిషి పేరై ఉండాలి.

డాక్టర్లు తక్కువగా ఉన్నారన్నది నిజమే. జింబాబ్వేలో ఉన్న కొద్దిమంది మానసిక వైద్యుల్లో ఒకరైన డిక్సన్ చిబాండా 2006లో హరారేలో క్లినిక్ ఆవరణలో చెక్క బెంచీలు వేయించి, శిక్షణ ఇచ్చిన అవ్వలను కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లను ఆ అవ్వలు ఉన్న కష్టాలన్నీ చెప్పమంటారు, వాటిలో ఒక్కటి ఎంచుకోమంటారు, దానికి ఈ వారంలో చేయగలిగిన పని ఏదో తేల్చుకోమంటారు, వచ్చేవారం ఏమైందో చెప్పమంటారు. ఇలా ఆరుసార్లు. 573 మందితో చేసిన పరిశోధన 2016లో వెలువడింది. ఆరు నెలలు గడిచాక చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్లకంటే వీళ్లలో కుంగుబాటు బాగా తగ్గి ఉంది.

తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకుని ఒకరికొకరు ఆసరాగా నిలిచే బృందాలు ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో మొదలైన ఈ బృందాలకు ఫీజు లేదు, పేరు పూర్తిగా చెప్పనక్కర్లేదు. కుటుంబసభ్యుల కోసం 1951 నుంచి ఆల్-అనాన్ ఉంది. మద్యం పూర్తిగా మానేయించడంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతి ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్ని విషయాల్లో మెరుగని, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 2020లో తేల్చింది. బృందంలో ఎవరైనా "నిజంగా మానినవాడికి మాత్రలెందుకు" అంటే ఆ మాట వినకూడదు. డాక్టరిచ్చిన మందులు ఆపమని చెప్పే హక్కు తోటి సభ్యులకు లేదు. ఒక బృందం నచ్చకపోతే ఇంకో బృందానికి వెళ్లవచ్చు.

ఒకసారి జారినంత మాత్రాన గెంటేసే కేంద్రాలు ఆ నియమాన్ని మార్చుకోవాలి. జారిన రాత్రే ఫోన్ చేయగలగాలి. తిడతారన్న భయంతో మూడు రోజులు దాక్కుంటే ఒక్క రాత్రితో పోయేది నెలల తరబడి సాగుతుంది. చేయవలసింది ఒకటే: ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, దానికి ముందు ఏమైందో కాగితం మీద రాసుకుని, మందులూ వేళలూ మళ్లీ సరిచూసుకోవడం. డిశ్చార్జి అయిన 7 రోజుల్లోపు మొదటి భేటీ ఉండాలి. ఎవరిని, ఏ గదిలో, ఎన్ని గంటలకు కలవాలో చీటీ మీద రాసివ్వాలి. వీలైతే ఆ మొదటిసారి కార్యకర్త వెంట వెళ్లాలి. నంబరు రాసిచ్చి పంపడం వేరు, చేయి పట్టుకుని అప్పగించడం వేరు.

మీ పత్రికకు ఒక విన్నపం. వ్యసనం, ఆత్మహత్యల వార్తల పక్కన సహాయ కేంద్రాల వివరాలతో చిన్న పెట్టె వేయండి. అందులో నంబరు ఒక్కటే ఉంటే చాలదు. ఏ వేళల్లో తెరుస్తారు, డబ్బు కట్టాలా, గుర్తింపు కాగితం లేకుండా చేర్చుకుంటారా, పిల్లలతో వచ్చిన తల్లిని రానిస్తారా, మందులు అక్కడే ఇస్తారా అన్నవి ఉండాలి. అచ్చువేసే ముందు ప్రతి నెలా ఎవరో ఒకరు ఆ నంబర్లన్నిటికీ రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చేసి చూడాలి. ఎంతో కూడదీసుకుని ఒక్కసారి ఫోన్ చేసిన మనిషికి అవతల ఎవరూ పలకకపోతే, ఆ మనిషి రెండోసారి చేయరు.

ఇట్లు,
వ్యసన విముక్తి, మానసిక ఆరోగ్య సేవల్లో పనిచేస్తున్న కార్యకర్తలు